క్లౌడ్ ఎక్కని అత్తగారు

ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. నా డైరీలో కూడా ఆ తేదీ కింద "మీటింగు బాగానే జరిగింది" అని ఒక్క వాక్యం రాసి మూసేశాను. ఆ డైరీ నేను తప్ప ఇంకెవరూ చదవరు. అంటే నాకు నేనే అబద్ధం చెప్పుకున్నానన్నమాట. నిజం ఏమిటంటే, మా స్టోరు సామాన్ల పేర్ల చివర ఉన్న 'అత్త' గోధుమపిండి కాదని నాకు మొదటి రోజే తెలుసు.

ఇద్దరు మేనత్తల చేతుల్లో పెరిగినదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది. తెలిసి ఊరుకున్నాను. ఆ తర్వాత కొన్ని నెలలకి, తెలియదని నోరు తెరిచి చెప్పాను. మొదటిది పిరికితనం. రెండోది ఏమిటో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ముప్ఫై ఏళ్ళకు రిటైర్మెంటు

మా నాన్న నన్ను "రిటైర్డ్ ఆఫీసర్ గారూ, కాఫీ తాగుతారా" అని పిలుస్తున్నారు. ఆయనకింకా రెండేళ్ళ సర్వీసుంది. ఎనిమిదేళ్ళు చేసిన ఉద్యోగం నన్ను వదిలింది కాబట్టి ఆయన మాటలో తప్పేమీ లేదు. నా బల్లా కుర్చీ మా ఇనుప గనుల ఊరు బచేలీలోనే ఉన్నాయి, నా పని మాత్రం రాయ్‌పూర్‌కి వెళ్ళిపోయింది. దాన్ని అక్కడికి పంపిన మనుషుల్లో నేనూ ఒకదాన్ని. అందుకని ఎవరినీ తిట్టుకునే సదుపాయం కూడా లేదు.

నేను చేసింది స్టోర్సులో డేటా ఎంట్రీ. కొండ మీది గనిలో ఖనిజం మోసే కన్వేయర్ బెల్టులకు అతుకులు వేసి, రిపేర్లు చేసే కాంట్రాక్టు కంపెనీ మాది. ఏ సామాను ఎక్కడుంది, ఎవరు తెప్పించారు, ఎవరు వాడారు అన్న వివరమంతా ఒకే చోట ఉంచే సాఫ్ట్‌వేర్‌ను ఈఆర్‌పీ అంటారు. మాది చాలా ఏళ్ళుగా స్టోరు వెనక గదిలో, చెక్కబల్ల మీది ఒక పెట్టెలో ఉండేది. పైన వాన కారితే గొడుగు పట్టాల్సి వచ్చేది. గొడుగు పట్టడం కూడా నా ఉద్యోగంలో భాగమే, అపాయింట్‌మెంట్ కాగితంలో రాయలేదంతే. ఒకనాడు కంపెనీ ఆ వివరమంతటినీ క్లౌడ్‌కి, అంటే ఎక్కడో దూరాన ఉండే పెద్ద కంప్యూటర్లలోకి, మార్చాలనుకుంది.

క్లౌడ్ అంటే మబ్బు అని మా స్టోర్లో సామాను మోసి, సర్ది, అందించే ఎర్రయ్యకి చెప్పాను. ఎర్రయ్య కోంటా వైపు దొర్ల తెగ మనిషి. వయసు యాభై దాటింది. నెలనెలా గేటు పాసు రెన్యువల్ అయితేనే ఉద్యోగం ఉన్నట్టు. ఆయన తల పైకెత్తి కొండను చూశాడు. వానాకాలంలో ఆ కొండ మీదికి మబ్బు దిగిందంటే మాకు ఫోన్లు పనిచేయవు, నెట్టు అసలే రాదు.

"ఏంది బిడ్డా, మన సామానంతా మబ్బుల పెడ్తరా. మరి మబ్బొస్తే మబ్బు పోతది గదా."

ఆ తర్వాత మూడు నెలల పాటు పూణే నుంచి వచ్చిన ఏ కన్సల్టెంటూ ఈ ప్రాజెక్టులోని అసలు చిక్కును ఇంత సూటిగా చెప్పలేదు.

పేర్లు కడగడం

మైగ్రేషన్ అంటే ఒక బటన్ నొక్కితే అంతా అటు ఎగిరిపోవడం అని మీకు చెప్తారు. నమ్మకండి. అటు పంపేముందు ఇక్కడున్నదంతా కడగాలి. ఒకే బేరింగుకి నాలుగు స్పెల్లింగులతో నాలుగు పేర్లుంటే మూడు తీసేయాలి. మాకు ఆరు దొరికాయి. ఏ స్పెల్లింగు ఏ స్టోర్ కీపర్‌దో అక్షరాలు చూసే చెప్పగలిగేదాన్ని. ఒకాయన ఎప్పుడూ రెండు 'ఆర్'లు కొట్టేవాడు, ఒకటి కొడితే బేరింగు గట్టిగా ఉండదనుకున్నాడేమో.

నేను చేసిన మొదటి పెద్ద తప్పు కూడా ఇక్కడే చెప్పేస్తాను, దాన్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. బెల్టు మీటర్లలో లెక్కించాల్సింది, నేను 'నంబర్లు' అని కొట్టాను. రెండు వందల మీటర్ల బెల్టు కొత్త సిస్టమ్‌లో రెండు వందల బెల్టులైంది. పూణేలో అభిషేక్ అనే కన్సల్టెంటు దాన్ని చూసి ఇన్ని బెల్టులతో మీరు కొండకి చీర కడతారా అని మెసేజ్ పెట్టాడు. జవాబుగా సారీ అని మూడుసార్లు రాశాను. ఒకసారి చాలు. మూడుసార్లు రాస్తే తప్పు మూడు రెట్లు కనిపిస్తుంది.

పేర్లన్నీ పెట్టింది ఎక్కువగా అప్పలనాయుడు గారు, మా స్టోర్ కీపర్. శృంగవరపుకోట దగ్గరి ఊరు. నేను పుట్టకముందే బచేలీ వచ్చారు. నేను బాబాయి గారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మలూ అనేవారు. నేను మాట్లాడకపోవడం మీద ఆయనకు రోజుకొక చలోక్తి ఉండేది. "మా అమ్మలు నోరిప్పిందంటే రిజిస్టర్లో ఎంట్రీ కొట్టాల," అనేవారు. ఆ మార్చిలో ఆయన రిటైరవ్వాలి. దానికి ముందు చలికాలంలో కంటి ఆపరేషన్‌కని విశాఖపట్నం వెళ్తూ నాతో అన్నారు:

"అమ్మలూ, ఆ పేర్లు నానొచ్చీదాకా ముట్టుకోకు. కొన్నిట్లోన నా ఇసయాలున్నాయి."

అడిగి ఉండాల్సింది, ఏం విషయాలు బాబాయి గారూ అని. తలూపాను. ఈ పనిలో తలూపడమంత ప్రమాదం ఇంకొకటి లేదు.

పిండి

ఆయన లేని ఆ మూడు వారాల్లోనే పేర్ల మీద వీడియో మీటింగు పెట్టారు. స్క్రీన్ మీద పద్నాలుగు మొహాలు, అందులో నాది ఒకటి, కెమెరా ఆపేసి. అభిషేక్ మా లిస్టును పై నుంచి కిందికి చదువుకుంటూ వచ్చాడు. రబ్బరు షీటు దగ్గర ఆగాడు. పేరు చివర నాలుగు ఇంగ్లీషు అక్షరాలు: ఏ, టీ, టీ, ఏ. కింద జిగురు డబ్బాల దగ్గరా అవే. ఆ కింద ఇంకా చాలావాటి దగ్గర.

"యే ఆటా క్యా హై?" అన్నాడు. ఆటా అంటే హిందీలో గోధుమపిండి, కిరాణా కొట్లో దాని సంచి మీద ఉండేవి కూడా ఆ నాలుగు అక్షరాలే. "మీ స్టోర్లో బెల్టులు అతుకుతారా, రొట్టెలు చేస్తారా?"

పదమూడు మొహాలు నవ్వాయి. భిలాయీ నుంచి వచ్చిన మా మేనేజర్ అందరికంటే ఎక్కువ నవ్వారు. తర్వాత "స్టోర్స్, బతాయియే," అన్నారు. చెప్పండి అని. స్టోర్స్ అంటే నేను.

అది అత్త అని అక్షరాలు చూడగానే నాకు తెలుసు. కానీ పదమూడు మంది ముందు హిందీలో, ఇది మా భాషలో మేనత్త సార్, అత్తగారు కూడా సార్, అని చెప్పడం ఊహించుకున్నాను. మేనత్త రబ్బరు షీటులో ఏం చేస్తోంది అని అడుగుతారు. దానికి జవాబు నాకు తెలియదు. నాయుడు గారి తమాషా అయి ఉంటుందిలే అనుకున్నాను. మైకు నొక్కి, "టైపింగ్ మిస్టేక్ హై సర్, హటా దేతీ హూఁ," అన్నాను, టైపింగ్ తప్పు, తీసేస్తానని.

ఆ మధ్యాహ్నమే అన్నిచోట్లా తీసేశాను. వెతికి మార్చే బటన్ ఉంటుంది కదా, నిమిషం కూడా పట్టలేదు. ఒక మనిషి ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ వచ్చిన మాటని నిమిషంలో తీసేయగలగడం ఈ ఉద్యోగంలో గొప్ప సౌకర్యం. భయపడాల్సింది కూడా అక్కడే.

నాయుడు గారు నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చేసరికి పేర్ల లిస్టుకి సంతకాలైపోయాయి. "నా ఇసయాలున్నాయా?" అని అడిగారు. "అన్నీ అటు వెళ్ళిపోయాయి బాబాయి గారూ," అన్నాను. అది అబద్ధం కాదు. వెళ్ళినవన్నీ వెళ్ళాయి.

గుడారాలు

ఏప్రిల్‌లో కొత్త సిస్టమ్ మొదలైంది. నాయుడు గారు అప్పటికే ట్రంకు పెట్టెలు సర్దుకుని ఊరికి వెళ్ళిపోయారు. మొదటి వారంలోనే రబ్బరు షీట్ల లోడు వచ్చింది. ప్రింటరు నుంచి చీటీ తీసి ఎర్రయ్యకిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గుడారాలేవి బిడ్డా?"

"ఏం గుడారాలు?"

ఎర్రయ్యకు ఇంగ్లీషు రాదు. హిందీ కూడా చదవడు. నేల మీద దుమ్ములో వేలితో గీసి చూపించాడు. ఒక గుడారం, ఒక స్తంభం, ఇంకో స్తంభం, ఇంకో గుడారం. ఏ, టీ, టీ, ఏ. ఎటు వైపు నుంచి చూసినా అదే బొమ్మ. చీటీని ఏ చివర నుంచి మొదలుపెట్టాలో తెలియని మనిషి కూడా పోల్చుకోగలడు.

"అవి ఇప్పుడు అక్కర్లేదు ఎర్రయ్యా. ఎక్కడ పెట్టాలో స్క్రీనే చెప్తుంది."

స్క్రీను వెనక రేకుల షెడ్డు అని చెప్పింది, అక్కడ జాగా ఎక్కువుంది కాబట్టి. "షెడ్డులనా?" అని ఎర్రయ్య రెండుసార్లు అడిగాడు. నేను రెండుసార్లు అవునన్నాను. ఆయన మోసుకెళ్ళి షెడ్డులో పెట్టాడు.

జులైలో ఒక బెల్టు తెగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అతుకు వేసే ఫోర్‌మన్ షీటు మీది ప్లాస్టిక్ పొర ఒలిచి, వేలితో నొక్కి చూశాడు. మెత్తగా, జిగటగా ఉండాల్సిన పచ్చి రబ్బరు వంచితే పగులుతోంది.

"ఇది రబ్బరా, అప్పడమా?" అన్నాడు.

రేకుల కింద ఎండాకాలమంతా ఉడికింది. అన్ని షీట్లూ అంతే. మంచి సరుకు రాయ్‌పూర్ నుంచి లారీలో వచ్చేదాకా రెండు రోజులు బెల్టు ఆగిపోయింది. రెండు రోజుల పాటు కొండ చప్పుడు చేయలేదు. బచేలీలో పెరిగినవాళ్ళకు ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో తెలుసు. మా అమ్మ కూడా వంటింట్లోంచి బయటికొచ్చి, "ఏమైంది, ఎందుకాగింది?" అని అడిగింది. నాకు తెలియదన్నాను.

అప్పటికి నాకు తెలిసిపోయింది. స్టోర్లో ఏసీ ఉన్న గది ఒకటే. పాత సిస్టమ్‌లో అత్త అని ఉన్న సామానంతా ఒకప్పుడు ఆ గదిలోనే ఉండేది. ఎర్రయ్యని అడిగితే మామూలుగా చెప్పాడు.

"అత్తగారి గది గదా. అత్తను సల్లగ ఉంచకపోతే ఇల్లు ఆగమైతదని నాయుడు సారు చెప్పిండు. గుడారాలుంటే ఆడ పెట్టాలె. లేకుంటే ఏడ పెట్టినా మంచిదే."

అంతే ఆ తమాషా. నలభై అక్షరాలే పట్టే పేరు గడిలో మిగిలిన నాలుగు అక్షరాల జాగాలో, చదువు రాని మనిషి కూడా మరిచిపోలేని విధంగా, చల్లటి చోట ఉంచండి అని నాయుడు గారు రాసిపెట్టారు. నేను దాన్ని కడిగేశాను.

గేటు పాసు

విచారణ మీటింగు మళ్ళీ స్క్రీన్ మీదే. ఈసారి మేనేజర్ గారు, నేను, ఎర్రయ్య ఒకే గదిలో కూర్చున్నాం. సరిగ్గా చెప్పాలంటే మేమిద్దరం కూర్చున్నాం, ఎర్రయ్య హెల్మెట్ చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. స్క్రీన్‌లో రాయ్‌పూర్, పూణే.

మేనేజర్ గారు చెడ్డ మనిషి కారు. ఈ మాట మీరు చాలామంది మేనేజర్ల గురించి అనుకోవాల్సి వస్తుంది. ఆయనకు మీటింగు ముగియాలంటే ఒక కారణం కావాలి, దానికో పేరుండాలి. "ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, పచ్చి రబ్బరు ఎండలో పెట్టకూడదని తెలియదా?" అన్నారు హిందీలో. "ఈ నెల పాసు అయిపోతుంది. రెన్యువల్ వద్దు."

ఎర్రయ్య నా వైపు చూడలేదు. స్క్రీన్ చెప్పింది, మేడం చెప్పింది అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు. హెల్మెట్ లోపలి పట్టీని సర్దుకుంటూ నిలబడ్డాడు. వాళ్ళ కూతురికి ఆ ఏడాదే దంతెవాడలో నర్సింగులో సీటొచ్చింది, ఆ సంగతి స్టోర్లో అందరికీ రోజూ చెప్పేవాడు.

నేను చాట్ పెట్టెలో టైపు చేశాను: ఎర్రయ్య తప్పు లేదు, పేర్లలోంచి ఒక మాట నేను తీసేశాను. ఎంటర్ నొక్కడానికి ఒక నిమిషం పట్టింది. వెతికి మార్చే బటన్‌కి కూడా అంత సేపు పట్టలేదు.

అందరూ చదివారు. "బోల్ కే బతాయియే," అన్నారు మేనేజర్ గారు. నోటితో చెప్పమని.

చెప్పాను. నాలుగు అక్షరాలు, ఏసీ గది, చీటీ, షెడ్డులో పెట్టమని రెండుసార్లు నేనే చెప్పడం, అన్నీ చెప్పాను. వరుస తప్పలేదు.

"ఆ మాట ఎందుకు తీసేశారు?" అని అభిషేక్ అడిగాడు.

తెలిసి, మీరు నవ్వుతారని తీసేశాను అనాలి. నోట్లోంచి వచ్చింది వేరే.

"మీలాగే నేనూ పిండి అనుకున్నాను సార్."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో మీటింగు తేలికైపోయింది. మేనేజర్ గారు కళ్ళు తుడుచుకుంటూ, "ఆ ముసలాయన స్టోరంతా పిండి చల్లి వెళ్ళాడన్నమాట," అన్నారు. ఎర్రయ్య పాసు ప్రస్తావన మళ్ళీ ఎవరూ తేలేదు. నెలాఖరుకి రెన్యువలైంది.

కానీ ఆ రోజు నుంచి ఆఫీసులో నాయుడు గారి పేరు పిండి నాయుడు అయిపోయింది. ఎవరో ఆ మాట అన్నప్పుడల్లా నేను కంప్యూటర్లోకి ముఖం పెట్టేదాన్ని. ఎర్రయ్యను కాపాడటానికి నిజం చాలు. పిండి అక్కర్లేదు. పిండి నన్ను నేను కాపాడుకోవడానికి.

అభిషేక్ చెప్పింది

మర్నాడు అభిషేక్ విడిగా ఫోన్ చేశాడు. మందలిస్తాడనుకున్నాను. "ఏ సామాను ఎలాంటి చోట ఉంచాలో రాయడానికి కొత్త సిస్టమ్‌లో వేరే గడి ఉంది. మీరు ఒక్క మాట చెప్పి ఉంటే అందులో పెట్టేవాళ్ళం," అన్నాడు. తర్వాత, "నేను కూడా నవ్వకుండా అడిగి ఉండాల్సింది," అన్నాడు. ఎనిమిదేళ్ళలో ఒక కన్సల్టెంటు నోట విన్న మాటల్లో ఇదొక్కటి నేను డైరీలో పూర్తిగా రాసుకున్నాను.

ఆ గడిలో కోడ్ పెట్టడానికి నాలుగు అక్షరాల జాగానే ఉంది. ఏం పెడదాం అని అడిగాడు. ఈసారి తడుముకోలేదు. చీటీ మీద గుడారాలు మళ్ళీ రాగానే ఎర్రయ్య దాన్ని వెలుగులో పట్టి చూసి, షీట్లన్నీ ఏసీ గదిలోకి మోశాడు. ఇప్పుడు రాయ్‌పూర్‌లో, భిలాయీలో, మా కంపెనీ స్టోరు ఎక్కడుంటే అక్కడ చల్లటి గదికి కోడ్ అదే. అక్కడివాళ్ళు దాన్ని పిండి అనే చదువుకుంటూ ఉంటారు. చదువుకోనివ్వండి, రబ్బరు చల్లగా ఉంటే చాలు.

మీకు నేను చెప్పేది పెద్దదేమీ కాదు. పాత సిస్టమ్‌లో ఒక మాట వింతగా కనిపిస్తే దాన్ని తీసేముందు రాసిన మనిషికి ఫోన్ చేయండి. ఆ మనిషి ఆసుపత్రిలో ఉంటే కళ్ళకు కట్టు విప్పేదాకా ఆగండి. స్క్రీన్ మీద పదమూడు మంది నవ్వితే నవ్వుతారు. రెండు నిమిషాల్లో ఆ నవ్వు అయిపోతుంది. అడగకుండా తీసేసిన మాట నాకు ఇప్పటికీ అయిపోలేదు.

కోట స్టేషన్లో రెండు నిమిషాలు

స్టోర్ల డేటా ఎంట్రీ అంతా రాయ్‌పూర్‌లో ఒకేచోట పెట్టినప్పుడు నన్నూ అక్కడికి రమ్మన్నారు. వెళ్ళలేదు. విశాఖపట్నంలో లైబ్రరీ సైన్సు కోర్సులో చేరాను. ఇన్నాళ్ళూ సామాన్ల పేర్ల మధ్య పుస్తకాలు దాచుకుని చదివినదాన్ని, ఇకనైనా బహిరంగంగా పుస్తకాల మధ్య కూర్చుందామనిపించింది. అక్కడ కూడా పని పేర్లు రాయడమే. వింత పేరు కనిపిస్తే ఈసారి అడుగుతాను.

కిరండూల్ ప్యాసింజరు శృంగవరపుకోటలో కాసేపాగుతుంది. వస్తున్నానని నాయుడు గారికి ఫోన్ చేశాను. సాయంత్రం రైలు ఆగేసరికి ప్లాట్‌ఫాం మీద ఉన్నారు, చేతిలో స్టీలు డబ్బా, కళ్ళకు ఇప్పుడు మామూలు అద్దాలు. డబ్బా కిటికీలోంచి ఇచ్చారు.

"పూరీలమ్మా. మీ ఆఫీసోల్లు అడిగితే నాయుడు పిండి మానీలేదని సెప్పు."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పేరు ఆయన దాకా వచ్చింది. "బాబాయి గారూ, ఆ రోజు మీటింగులో నేను" అని మొదలుపెట్టాను. రైలు కూత వేసింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఎర్రయ్య ఆ రోజే ఫోన్ సేసి అంతా సెప్పినాడు. ఆడి పాసు నిలబడింది గదా, అది సాలు."

రైలు కదిలింది. కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు నాతోపాటు నడిచి, నవ్వుతూ అన్నారు:

"ఇంకోపాలి ఇలాటి అబద్ధం ఆడాలంటే తెలుగు రానోల్ల సేత ఆడించమ్మలూ. అత్తంటే పిండని నువ్వు సెప్తే ఎవులు నమ్ముతారు."